ఎల్లారెడ్డికి ఆకాశమెంత దూరం?

మా ఎల్లారెడ్డి వైపు ఆడవాళ్లకి విమానం కొత్త కాదు. ఎక్కినవాళ్లు తక్కువ, దానికోసం ఎదురుచూసినవాళ్లే ఎక్కువ. లింగంపేట, నాగిరెడ్డిపేట, గాంధారి, తాడ్వాయి... ఎటు పోయినా గల్ఫ్‌కి మనిషిని పంపని వాడకట్టు అరుదు. విమానం మగవాణ్ని తీసుకుపోతుంది. రెండేళ్లకో మూడేళ్లకో మళ్లీ తెస్తుంది. ఒక్కోసారి పెట్టెలో తెస్తుంది. అట్లా పెట్టెలో వచ్చినప్పుడు శంషాబాద్ నుంచి ఊరిదాకా ప్రభుత్వమే ఉచితంగా అంబులెన్స్ ఏర్పాటు చేస్తుంది. అది చేయవలసిన పనే, దాన్ని తప్పుపట్టడం లేదు. కానీ ప్రాణం పోయిన మగవాడికి విమానాశ్రయం నుంచి ఇంటిదాకా ఉన్న ఏర్పాటు, ప్రాణం మీదికి వచ్చిన అతని భార్యకి ఇంటి నుంచి దవాఖానదాకా అంతే పక్కాగా ఉందా అన్న ప్రశ్న మాత్రం నన్ను చాలాకాలంగా వెంటాడుతోంది.

ఆకాశం నుంచి మాకు వచ్చే రెండోది హెలికాప్టర్. 2023 నవంబర్ ఎన్నికల్లో కామారెడ్డి రాష్ట్రం మొత్తానికీ ముఖ్యమైన ఊరైపోయింది. అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు, తర్వాత ముఖ్యమంత్రి అయిన రేవంత్‌రెడ్డి ఇద్దరూ అక్కడే పోటీ చేశారు, ఇద్దరూ ఓడిపోయారు. ఆ రోజుల్లో హెలికాప్టర్ దిగడం కామారెడ్డికి వింతగా లేకుండా పోయింది. మైదానం చదును చేయడానికి, తెల్లసున్నంతో గుండ్రంగా గీత గీయడానికి, చుట్టూ పోలీసులను నిలబెట్టడానికి ఎక్కడా ఇబ్బంది రాలేదు. అటు మేడారం జాతరకి కూడా డబ్బు కట్టగలిగినవాళ్లని హనుమకొండ నుంచి హెలికాప్టర్‌లో తీసుకుపోయారు. సమ్మక్క సారలమ్మలిద్దరూ ఆడవాళ్లే. వాళ్ల దర్శనానికి హెలికాప్టర్ ఉంది. కాన్పు కష్టమైన ఆదివాసీ ఆడమనిషిని మంచం మీద మోసుకుంటూ వాగు దాటించారన్న వార్తలు మాత్రం ప్రతి వానాకాలం చదువుతూనే ఉన్నాం.

ఈమధ్య ఎయిర్ అంబులెన్స్ మాట మన పత్రికల్లో తరచు వినబడుతోంది. ఏ రాష్ట్రం మొదలుపెట్టినా అది అభివృద్ధికి ఆనవాలుగా ఫోటో ఎక్కుతోంది. సాహిత్యం చదువుకున్నదానికి ఈ లెక్కలతో ఏం పని అని అడగొచ్చు. తెలంగాణ స్త్రీల కథనాలను, మౌఖిక చరిత్రలను చదువుతూ నేను గమనించింది ఒకటుంది. వాటిల్లో జబ్బు కంటే దారి పెద్దది. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో గర్భంతో, పసిబిడ్డతో అడవుల్లో తిరిగిన స్త్రీలు చెప్పుకున్న మాటల్ని గుర్తుచేసుకోండి. ఎవరు మోశారు, ఎవరు ఆపారు, ఎవరు ఖర్చు పెట్టారు అన్న ప్రశ్నలే వాటి నిండా. ఆడమనిషి శరీరాన్ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి తీసుకుపోవడానికి సమాజం ఎంత ఖర్చు పెడుతుందనేది సాహిత్య ప్రశ్న కూడా అని నేననుకుంటాను.

ముందు ఎయిర్ అంబులెన్స్ అంటే ఏమిటో సూటిగా చెప్పుకుందాం. ఇది రెండు రకాలు. ఒకటి విమానం, రెండోది హెలికాప్టర్. విమానం ఒక పెద్దాసుపత్రి నుంచి ఇంకో పెద్దాసుపత్రికి, ఒక నగరం నుంచి ఇంకో నగరానికి. లోపల వెంటిలేటర్, ఆక్సిజన్, డాక్టరు, నర్సు ఉంటారు. ఒక్క ప్రయాణానికి లక్షల్లో అవుతుంది. 2021లో కోవిడ్ రెండో అలలో ఉత్తరాది నుంచి హైదరాబాద్‌లోని కార్పొరేట్ ఆసుపత్రులకు రోగులు వచ్చింది ఇట్లానే. అయితే విమానానికి రన్‌వే కావాలి. ఎల్లారెడ్డిలో రన్‌వే లేదు. కామారెడ్డిలోనూ లేదు. ఎల్లారెడ్డి నుంచి ఎయిర్ అంబులెన్స్ ఎక్కాలంటే ముందు రోడ్డు మీద వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి హైదరాబాద్ చేరాలి. హైదరాబాద్ చేరగలిగితే ఇక విమానం ఎందుకు?

మిగిలింది హెలికాప్టర్. ఎల్లారెడ్డి నుంచి హైదరాబాద్‌కి సూటిగా గీత గీస్తే దాదాపు నూరు కిలోమీటర్లు. హెలికాప్టర్‌కి అరగంట పని. అదే రోడ్డు మీద అయితే కామారెడ్డికి నలభై కిలోమీటర్ల చిల్లర, అక్కణ్నించి నలభై నాలుగో నంబరు జాతీయ రహదారి మీద మరో నూటపది. మేడ్చల్ దాటాక ఎంతసేపు పడుతుందో దేవుడికే ఎరుక. కాబట్టి హెలికాప్టర్ మిగిల్చే సమయం నిజమైనదే. కాకపోతే అది రాత్రి ఎగరడం కష్టం, మబ్బు పట్టినా గాలివాన వచ్చినా కష్టం. నొప్పులు పగలే రావాలని, వాన లేనప్పుడే రావాలని ఏ కడుపులోని బిడ్డకి చెప్తాం?

ఇంత యంత్రం వెనక ఒక స్త్రీ కల ఉందని మనలో ఎంతమందికి తెలుసు? మారీ మార్వాంగ్ ఫ్రాన్స్ దేశస్థురాలు, 1875లో పుట్టింది. పర్వతాలెక్కింది, బెలూన్ నడిపింది, 1910లో విమానం నడిపే లైసెన్సు తీసుకుంది. 1908లో టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పందెంలో ఆడవాళ్లకి చోటులేదంటే మగవాళ్లు పోయిన దారినే తానూ తొక్కి పూర్తిచేసింది. గాయపడినవాళ్లని విమానంలో ఆసుపత్రికి చేర్చవచ్చన్న ఆలోచనని పట్టుకుని, డెపర్డుసాన్ విమాన కంపెనీలోని ఇంజినీరు లూయీ బెషరోతో కలిసి 1912 ప్రాంతంలో అంబులెన్స్ విమానానికి నమూనా గీయించింది. ఊరూరా ఉపన్యాసాలిచ్చింది. విమానం మాత్రం రాలేదు. 1913లో ఆ కంపెనీ యజమాని అర్మాన్ డెపర్డుసాన్ మోసం కేసులో అరెస్టయ్యాడు, కంపెనీ మునిగింది, దాంతో విమానమూ మునిగింది. ఆమె వదల్లేదు. రెండు యుద్ధాల మధ్య కాలమంతా అదే ప్రచారం చేసింది. విమానంలో రోగికి సేవ చేసే నర్సులకు ప్రత్యేక శిక్షణ ఉండాలని పట్టుబట్టింది, 1935లో తానే ఆ అర్హత పొందింది. అయితే ఆమె కల మొదట ఎవరికి పనికొచ్చిందో కూడా చూడాలి. 1920లలో మొరాకో, సిరియాల్లో వలస పాలన మీద తిరగబడ్డ ప్రజలతో యుద్ధం చేస్తున్న ఫ్రెంచి సైనికులను మోయడానికి! స్త్రీ కన్న కలని సైన్యం, సామ్రాజ్యం ముందు వాడుకున్నాయి. పల్లెల్లో కాన్పులకి అది చేరడానికి చాలాకాలం పట్టింది.

డెపర్డుసాన్ కథ చదువుతుంటే నాకు మన 108 గుర్తొచ్చింది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో ఆ సర్వీసు మొదలైంది. పెట్టింది సత్యం కంప్యూటర్స్ రామలింగరాజు. తర్వాత ప్రభుత్వం చేరింది. వై.ఎస్. రాజశేఖరరెడ్డి సభల్లో "కుయ్ కుయ్" అని ఆ బండి చప్పుడు చేసి చూపిస్తే జనం కేరింతలు కొట్టేవాళ్లు. 2009 జనవరి 7న సత్యం ఖాతాల మోసం ఆయన నోటితోనే బయటపడింది. యజమాని జైలుకి పోయాడు. కానీ బండి ఆగలేదు. ఎందుకు? అప్పటికే ఆ సర్వీసు నడిపే ఖర్చులో తొంభై అయిదు శాతం ప్రభుత్వం పెడుతోంది కాబట్టి. ఆ ఏడాదే నిర్వహణ జీవీకే సంస్థ చేతికి పోయింది, డ్రైవరు బండి ఎక్కుతూనే ఉన్నాడు. 1913లో ఒక వ్యాపారి పడిపోతే కల కూడా పడిపోయింది. 2009లో వ్యాపారి పడిపోయినా బండి నిలబడింది. ఈ రెండింటికీ మధ్య తేడా ప్రజల డబ్బు. దాతృత్వం ఎంత మంచిదైనా దాత కుంగిన రోజు అది కుంగుతుంది. నిధుల గురించి నేను నేర్చుకున్న మొదటి పాఠం ఇది.

ప్రపంచంలో ఎవరెట్లా నడుపుతున్నారో చూస్తే ఈ పాఠం ఇంకొంచెం చిక్కనవుతుంది. ఆస్ట్రేలియాలో 1928లో క్లాన్‌కరీ అనే చిన్న ఊరి నుంచి ఫ్లయింగ్ డాక్టర్ సర్వీసు మొదలైంది. ప్రారంభించిన జాన్ ఫ్లిన్ మతబోధకుడు. చర్చి డబ్బు, ఒక పారిశ్రామికవేత్త వదిలిపోయిన డబ్బు మొదటి పెట్టుబడి. తర్వాత ప్రభుత్వమూ విరాళాలూ కలిశాయి. అక్కడ నాకు నచ్చింది విమానం కాదు. దూరదూరంగా విసిరేసినట్టున్న ఇళ్లకు ఇచ్చిన మందుల పెట్టె. సీసాల మీద అంకెలుంటాయి. డాక్టరు రేడియోలో "ఫలానా నంబరు మందు ఇవ్వు" అంటే ఇంట్లో ఉన్న మనిషి ఇస్తుంది. ఆ రేడియో దగ్గర కూర్చున్న మనిషి ఎక్కువసార్లు ఇల్లాలే. విమానం చరిత్రలో ఆమె పేరు ఎక్కడా ఉండదు.

స్విట్జర్లాండ్‌లో 1952లో పుట్టిన రేగా అనే సంస్థ ప్రభుత్వ సహాయం లేకుండా నడుస్తోంది. ముప్పై లక్షలకు పైగా మనుషులు ఏటా చిన్నమొత్తం చందా కడతారు. ఇంగ్లండులో హెలికాప్టర్ అంబులెన్సులు ప్రధానంగా విరాళాల మీద బతుకుతున్నాయి. లండన్‌లో 1989లో మొదలైన సర్వీసులో విశేషమేమంటే, హెలికాప్టర్ ముఖ్యంగా తీసుకుపోయేది రోగిని కాదు, డాక్టరుని. డాక్టరు రోగి దగ్గర దిగి, రోడ్డు పక్కనే చికిత్స మొదలుపెడతాడు. ఆ తర్వాత చాలామంది రోగులు మామూలు అంబులెన్సులోనే ఆసుపత్రికి పోతారు. అమెరికాలో ఇది పూర్తిగా వ్యాపారం. 1978 నాటి విమానయాన చట్టం వల్ల రాష్ట్రాలు ఎయిర్ అంబులెన్స్ ధరలను అదుపు చేయలేకపోయాయి. స్పృహ తప్పి ఉన్నప్పుడు ఎక్కించిన హెలికాప్టర్‌కి స్పృహ వచ్చాక ఇల్లమ్ముకునే బిల్లు వచ్చిన కథలు అక్కడ కొల్లలు. చివరికి 2022 జనవరి నుంచి బీమా ఉన్నవాళ్లని ఆ బిల్లుల నుంచి కాపాడే చట్టం అమల్లోకి వచ్చింది. ఆ చట్టంలో ఎయిర్ అంబులెన్స్ ఉంది కానీ రోడ్డు అంబులెన్స్ లేదు! పేదవాళ్లు ఎక్కువగా ఎక్కే బండి చట్టానికి కనబడదన్నమాట. ఇది ఒక్క అమెరికా జబ్బు కాదు.

మన దేశంలో మధ్యప్రదేశ్ 2024లో ప్రభుత్వ ఎయిర్ అంబులెన్స్ మొదలుపెట్టింది. ఆయుష్మాన్ కార్డు ఉన్నవాళ్లకి ఉచితం. అదే ఏడాది అక్టోబర్ 29న రిషికేశ్ ఎయిమ్స్ నుంచి 'సంజీవని' పేరుతో హెలికాప్టర్ సర్వీసు ప్రారంభమైంది. 2025 మేలో కేదార్‌నాథ్‌లో రోగిని తీసుకురాబోయి దిగేటప్పుడు ఆ హెలికాప్టర్ దెబ్బతింది. లోపలివాళ్లు క్షేమంగా బయటపడ్డారు. ఒక్క హెలికాప్టర్ మీద ఆధారపడితే ఏమవుతుందో అది చెప్పకనే చెప్పింది. పేరు సంజీవని అని పెట్టినవాళ్లు కథని సరిగ్గా గుర్తుతెచ్చుకున్నట్టు లేదు. హనుమంతుడు లక్ష్మణుణ్ని మోసుకుని కొండకి పోలేదు. కొండనే రోగి దగ్గరికి తెచ్చాడు. మన పక్కనే ఒడిశా 2021లో ఇట్లాంటి ఆలోచనే చేసింది. భువనేశ్వర్ నుంచి స్పెషలిస్టు డాక్టర్లను విమానంలో మల్కన్‌గిరి లాంటి మారుమూల జిల్లాలకు పంపింది. రోగి కదలకుండా డాక్టరు కదలడం... ఆడవాళ్ల వైపు నుంచి చూస్తే ఇది చాలా పెద్ద మాట. ఇంట్లో చిన్నపిల్లలు, పాడి పశువు, పక్షవాతం వచ్చిన అత్త ఉన్న మనిషికి హైదరాబాద్ ప్రయాణమంటే జబ్బు కంటే పెద్ద కష్టం.

ఇక మా ఎల్లారెడ్డి నిధుల సంగతి. ఇక్కడా ఒక విధానం ఉంది. ఏ జీవోలోనూ ఉండదు. దాన్ని నేను మా చిన్నమ్మ ఇంట్లో చూశాను.

2014లో మా చిన్నమ్మ బిడ్డకి రెండో కాన్పు. మరిది దుబాయ్‌లో ఉన్నాడు. కాన్పయ్యాక నెత్తురు ఆగలేదు. ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి 108లోనే వచ్చింది, రూపాయి ఖర్చు కాలేదు. కామారెడ్డిలో ఒక ప్రైవేటు దవాఖానలో కొంతసేపు చూసి, మాతో కాదు, హైదరాబాద్ తీసుకుపొమ్మన్నారు. ప్రైవేటు అంబులెన్స్‌వాడు ముందే డబ్బు చేతిలో పెట్టమన్నాడు. అక్కడ, ఆ గేటు దగ్గర, నిధుల సేకరణ మొదలైంది.

మగవాళ్లు ముగ్గురున్నారు. ఒకాయన ఫోను చేస్తున్నాడు. ఒకాయన "దుబాయ్‌ల ఉన్న పిల్లగానికి చెప్పకుంట ఎట్ల?" అంటున్నాడు. అది అర్ధరాత్రి, దుబాయ్‌లో పిల్లవాడు పనిలో ఉన్నాడో నిద్రలో ఉన్నాడో, ఫోను ఎత్తలేదు. పిల్ల అత్త నోరు తెరిచింది. "మల్ల ఆడివిల్లనే అయ్యె. ఇంత ఖర్సు వెట్టినంక ఏమైతదో ఏమో" అంది. ఆమెని రాక్షసిగా చూపించడం నా ఉద్దేశం కాదు. ఆమె జీవితమంతా ఆమెకి ఆ లెక్కే నేర్పింది. మా చిన్నమ్మ ఎవరితోనూ మాట్లాడలేదు. చేతులు వెనక్కి పెట్టి పుస్తెలతాడు తీసింది. పుస్తెలు రెండూ పసుపుతాడుకి మార్చుకుని, తాడు నా చేతిలో పెట్టి, "బిడ్డా, నువ్వు సదువుకున్నదానివి. నిన్నైతే మోసం జెయ్యరు. సేట్ని లేపు" అంది.

సేటు లేచాడు, డబ్బిచ్చాడు. మా చెల్లె బతికింది. గర్భసంచి తీసేశారు. పుస్తెలతాడు మూడేళ్లకి విడిపించుకున్నాం. హైదరాబాద్‌లో అయిన మిగతా ఖర్చుకి చిన్నమ్మ మహిళా సంఘంలో అప్పు తీసుకుంది. ఆ అప్పు నెలనెలా కట్టింది దుబాయ్ డబ్బు కాదు. తల్లీబిడ్డలిద్దరూ చేటలు ఒళ్లో పెట్టుకుని చుట్టిన బీడీలు. నిజామాబాద్, కామారెడ్డి జిల్లాల్లో ఆడవాళ్ల చేతివేళ్ల మీద ఎన్ని దవాఖాన బిల్లులు తీరాయో ఎవరూ లెక్క కట్టలేదు. తునికాకు, తంబాకు వాసనలో ఊపిరితిత్తులు పాడుచేసుకుని, ఆ డబ్బుతో దవాఖాన అప్పు కడతారు. ఆ ఊపిరితిత్తుల కోసం మళ్లీ దవాఖాన. స్విట్జర్లాండ్‌లో లక్షల మంది కొద్దికొద్దిగా వేసుకుని ఒక హెలికాప్టర్ దళాన్ని నడుపుతుంటే, ఎల్లారెడ్డిలో పదిమంది ఆడవాళ్లు కొద్దికొద్దిగా పొదుపు చేసుకుని ఒక అంబులెన్స్ కిరాయి అప్పిస్తారు. రెండూ చందాలే. ఒకదాన్ని ప్రపంచం వ్యవస్థ అంటుంది. రెండోదాన్ని అప్పు అంటుంది, వడ్డీతో సహా!

1994లో సెరీన్ థాడియస్, డెబోరా మెయిన్ అనే ఇద్దరు స్త్రీలు కాన్పు మరణాల మీద ఒక వ్యాసం రాశారు. తల్లులు చనిపోవడానికి మూడు ఆలస్యాలు కారణమన్నారు. దవాఖానకి పోవాలని నిర్ణయించడంలో ఆలస్యం, చేరడంలో ఆలస్యం, చేరాక వైద్యం అందడంలో ఆలస్యం. ఆ రాత్రిని ఈ మూడింటితో కొలిచి చూస్తే, హెలికాప్టర్ తీర్చేది రెండోదాన్ని మాత్రమే. మొదటి ఆలస్యం గేటు దగ్గర "దుబాయ్‌ల ఉన్న పిల్లగానికి చెప్పకుంట ఎట్ల" అన్న మాటలో ఉంది. "మల్ల ఆడివిల్లనే" అన్న మాటలో ఉంది. అది పితృస్వామ్యం చేసే ఆలస్యం. దానికి ఇంధనం అక్కర్లేదు. మూడో ఆలస్యం కామారెడ్డి దవాఖానలో నెత్తురు, డాక్టరు సమయానికి లేకపోవడంలో ఉంది. నెత్తురు సీసా ఎల్లారెడ్డిలోనే ఉంటే ఆ రాత్రి అంత దూరం పోవలసిన పనే ఉండకపోవచ్చు.

అట్లాగని ఏమీ మారలేదని అనడం అన్యాయం. 2004-06లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లక్ష కాన్పులకి 154 మంది తల్లులు చనిపోయేవాళ్లు. 2018-20లో తెలంగాణలో ఆ సంఖ్య 43. దీని వెనక 108 ఉంది, 102 బండి ఉంది, ఆసుపత్రి కాన్పులు ఉన్నాయి. అన్నింటికన్నా ముందు ఆశా కార్యకర్త ఉంది. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ఆమె వచ్చింది. నొప్పులొచ్చిన రాత్రి తలుపు తట్టేది ఆమె తలుపే, బండికి ఫోను చేసేది ఆమే, బండిలో పక్కన కూర్చునేదీ ఆమే. మొదటి ఆలస్యాన్ని ఎదుర్కొనేది, అత్తతో, మామతో వాదించేది కూడా ఆమే. ఆమెకి ఉద్యోగి అన్న పేరు లేదు. పారితోషికం ఇస్తారు. జీతం కోసం 2015లో తెలంగాణ ఆశాలు వంద రోజులకు పైగా సమ్మె చేయవలసి వచ్చింది. యంత్రానికి లక్షలు ఖర్చు పెట్టడానికి వెనకాడని వ్యవస్థ, ఆ యంత్రం దాకా మనిషిని నడిపించే ఆడమనిషికి జీతం అనే మాట వాడటానికి వెనకాడుతుంది. ఆమె చేసేది ఆడవాళ్లు ఎప్పుడూ ఊరికే చేస్తూ వచ్చిన పని కాబట్టి.

కొన్ని మంచి మార్పులు మా దగ్గరికీ వచ్చాయి. 2016 అక్టోబర్‌లో కామారెడ్డి జిల్లా అయింది. 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. మా జిల్లాలోనే బాన్సువాడ మాతాశిశు ఆసుపత్రి తల్లిపాల విషయంలో చేసిన కృషికి జాతీయస్థాయి గుర్తింపు తెచ్చుకుంది. 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్ లేదు. ఆరోగ్యశ్రీ పరిమితి అదే రోజు పది లక్షలకు పెరిగింది. ఉచిత బస్సు మీద మగవాళ్లు వేసే జోకులు అందరం విన్నాం. నాకు తెలిసి ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి దవాఖానకి గర్భిణులు నెలనెలా పరీక్షకి మగవాణ్ని డబ్బడగకుండా పోతున్నారు. బస్సు అంబులెన్స్ కాదు. కానీ నెలనెలా బస్సు ఎక్కిన మనిషికి అంబులెన్స్ అవసరం తగ్గుతుంది. 'ఎందుకు, ఎక్కడికి' అని అడిగించుకోకుండా దవాఖానకి పోగలగడం మొదటి ఆలస్యానికి మందు.

ఇదంతా చదివి నేను హెలికాప్టర్ వద్దంటున్నానని అనుకోవద్దు. 2025 ఆగస్టు 27, 28 తేదీల్లో కామారెడ్డి జిల్లా నీళ్లలో మునిగింది. రాజంపేట మండలం అర్గొండలో నలభై సెంటీమీటర్లు దాటి వాన కురిసింది. పోచారం ప్రాజెక్టు కట్ట మీంచి నీళ్లు పొంగాయి. వందేళ్ల కట్ట ఎట్లా నిలబడిందో అని జనం ఇప్పటికీ చెప్పుకుంటారు. జాతీయ రహదారి కోతకు గురైంది, రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. పక్కన సిరిసిల్ల జిల్లా నర్మాల దగ్గర మానేరు ప్రవాహంలో చిక్కుకున్నవాళ్లని ఎయిర్‌ఫోర్స్ హెలికాప్టర్ వచ్చి బయటకి తీసింది. అంటే హెలికాప్టర్ రాగలదు. రావాలని తలిస్తే వస్తుంది. ఆ రెండు రోజుల్లో నెలలు నిండిన ఆడవాళ్లు మా వైపు ఊళ్లలో ఎంతమంది ఉండి ఉంటారో ఊహించుకోండి. రోడ్డు తెగిన రోజున ఆకాశం విలాసం కాదు, దారి. వాతావరణం మారుతున్న కొద్దీ అట్లాంటి రోజులు పెరుగుతాయే తప్ప తగ్గవు.

కాబట్టి నా అభ్యంతరం హెలికాప్టర్ మీద కాదు, వరస మీద. ముందు ఎల్లారెడ్డిలో రాత్రిపూట డాక్టరు, మత్తు డాక్టరు, నెత్తురు. తర్వాత ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికే కాదు, కామారెడ్డి నుంచి హైదరాబాద్‌కి కూడా గేటు దగ్గర డబ్బడగని బండి. ఆశాకి జీతం. వానాకాలం ముందే నెలలు నిండినవాళ్ల జాబితా రాసుకుని వాగు ఇవతలికి చేర్చే ఏర్పాటు. అప్పుడు, వీటన్నింటి పైన, హెలికాప్టర్. అది కూడా దాతల దయమీదో, బీమా కంపెనీ లాభం మీదో కాదు, 108ని 2009లో నిలబెట్టిన ప్రజల డబ్బు మీద నడవాలి. ఎవరిని ఎక్కించాలో నిర్ణయించే ఫోను కార్డుని బట్టి, కులాన్ని బట్టి, ఎమ్మెల్యే సిఫారసుని బట్టి మోగకూడదు. ఏడాదికి ఎంతమందిని ఎక్కించారు, అందులో ఆడవాళ్లెందరు, పల్లెలవాళ్లెందరు అన్న లెక్క అందరికీ కనబడేట్టు గోడ మీద రాయాలి.

మనం స్త్రీల రచనల్లో శరీరం గురించి చాలా మాట్లాడుకున్నాం. ఆ శరీరాన్ని మోసే బండి గురించి, దాని డీజిలు డబ్బు గురించి తక్కువ మాట్లాడుకున్నాం. బడ్జెట్ పుస్తకాన్ని కూడా ఒక కథనంగా చదవడం మనం నేర్చుకోవాలి. ఎవరి ప్రాణానికి ఎంత రాశారు, ఎవరిని రాయకుండా వదిలేశారు అన్నది అందులో కథ కంటే స్పష్టంగా ఉంటుంది.

మొన్న ఈ వ్యాసం సంగతి మా చిన్నమ్మకి చెప్పాను. సంఘం పుస్తకం ముందేసుకుని పొదుపు లెక్కలు రాయిస్తోంది. అంతా విని, "ఇమానం సంగతి తర్వాత గని బిడ్డా, ఆ అంబులెన్స్‌కు ముందుగాల పైసలు కట్టాలన్న మాట తీసేయమని రాయి" అంది.

రాస్తున్నాను.